ప్రయత్న భాజకం

మధ్యాహ్నం పన్నెండు లోపు కమలాకర్ పంతొమ్మిది మందిని తూచాడు. పని కష్టమైనదేమీ కాదు. ఎదుటి కుర్చీలో కూర్చున్నవారు అరచేతిని పలక మీద ఆనించాలి. జమాఖర్చు లెక్కల వృత్తి పరీక్షల్లో వాళ్లు నెగ్గిన ఒక్కొక్క పేపరూ ఒక్కొక్క గీతగా వెలుగుతుంది. మూడు జిల్లాలకీ ఒకటే అయిన తూకపు యంత్రం, సమతూకి, ఆ గీతల్ని పట్టా మానాలుగా మారుస్తుంది. నూట ఇరవై మానాలు చేరితే పాఠం చెప్పడానికి పట్టా, చేరకపోతే నమస్కారం. కమలాకర్ వంతు ఆ నమస్కారమే. నొప్పించకుండా పెడతాడని భీమిలి కొండ మీది తులనశాలలో అతనికి పేరుంది.

ఇరవయ్యో మనిషి గొర్లె పైడితల్లి. యాభై దాటిన వయసు, చంకలో ఆకుపచ్చ సంచి. అరచేయి ఆనించగానే ఎనిమిది గీతలు వెలిగాయి. ఏడు నిండుగా ఉన్నాయి. ఎనిమిదోది వెంట్రుకంత సన్నం.

"నూట ఏడు," అంది సమతూకి. "ఆడిట్ పేపరు ఏడో ప్రయత్నంలో ఉత్తీర్ణత. పదిహేను మానాలు ప్రయత్న భాజకంతో రెండయ్యాయి."

"ఏటి బాబూ, ఏడుసార్లు రాసి నెగ్గితే ఏడో వంతే నెగ్గినట్టా?"

"నియమం అలా ఉందండీ. ఎక్కువసార్లు తప్పినవాళ్లకి ఆ విద్య పల్చగా అంటుతుందని..."

"ఎవరు సెప్పారు?"

పదకొండేళ్ల ఉద్యోగంలో కమలాకర్‌కు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. కాదు, వేసే ఉంటారు. అతను నమస్కారం తొందరగా పెట్టేసి ఉంటాడు.

"తీర కళాశాలలో తొమ్మిదేళ్లుగా ఆ ఆడిట్టే సెప్తున్నాను," అందామె. "రేపట్నుంచి పట్టా లేనోళ్లకి తలుపు తెరుచుకోదంట. నలభై మంది పిల్లలు సగం పాఠంలో ఉన్నారు. నా బాధ అదీ."

కమలాకర్ చేతులు జోడించబోయాడు. చేతులు కలవలేదు. తన అరచేతిలోని ఎనిమిది గీతలూ అతనికి గుర్తొచ్చాయి. ఎనిమిదీ నిండు గీతలు, ఎనిమిదీ మొదటి ప్రయత్నాలు. వాటి వెనక ఏముందో చూసుకోవడం అతను ఏనాడో మానేశాడు. తాళం వేసిన గది ముందు నుంచి రోజూ నడిచిపోయినట్టు, చదివింది మిగల్లేదేమోనన్న భయం పక్క నుంచే పదకొండేళ్లు నడిచాడు. ఈరోజు కాళ్లు ఆగాయి.

"సమతూకీ, భాజకం మీద అభ్యంతరం," అన్నాడు.

పక్క బల్ల దగ్గరి జోసెఫ్ రత్నం తల తిప్పాడు. "ఒరేయ్ కమలా, తిన్నది అరగలేదా? అభ్యంతరం వీగిపోతే కుర్చీ పోతుందిరా!"

"అభ్యంతరానికి ప్రతితూకం కావాలి," అంది సమతూకి. "అదే పేపరు మొదటి ప్రయత్నంలో నెగ్గిన వ్యక్తి. ఇద్దరికీ ఒకే ప్రశ్న. ప్రతితూకంగా కూర్చున్నవారి మానాలు కూడా పునఃపరిశీలనకు వస్తాయి."

"నన్ను పెట్టు."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు రత్నం, ఈసారి నవ్వకుండా.

కమలాకర్ లేచి వెళ్లి పైడితల్లి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ వైపు నుంచి సమతూకి ఇంత ఎత్తుగా కనిపిస్తుందని అతనికి ఇంతవరకూ తెలియదు. ప్రశ్న పలక మీద తేలింది. సముద్రం మీది గిడ్డంగిలో ఏడాది చివరి రోజున సరుకు లెక్కపెట్టారు. పుస్తకంతో సరిపోయింది. ఆడిటర్ ఇంకేం చూడాలి?

కమలాకర్ ముందు చెప్పాడు. "లెక్క సరిపోయిందని నమోదు చేయాలి. సంతకం తీసుకోవాలి." తర్వాతి వాక్యం కోసం లోపల వెతికాడు. ఒకప్పుడు పేజీలకు పేజీలు అప్పజెప్పిన చోట ఇప్పుడు సున్నం కొట్టిన గోడ ఉంది. "అంతే," అన్నాడు. అనగానే విచిత్రంగా ఊపిరి తేలికైంది.

పైడితల్లి సంచి ఒళ్లోంచి దించి నేల మీద పెట్టింది.

"సరుకు ఉంటే సరిపోద్దా? ఎవరిదో అడగాలి. పక్కోడు దాచమని పెట్టిన మూటలు కూడా అక్కడే ఉంటాయి. అది అడక్క మొదటిసారి పోయాను. ఆఖరి రోజు సాయంత్రం పడవెక్కిన సరుకు ఏ ఏడాది లెక్కలోకి వచ్చిందో సూడాలి. రెండోసారి అక్కడ పోయాను. మూటలు లెక్కెట్టడం కాదు, ఒకటి విప్పి లోపలేముందో సూడాలి. అది మూడోసారి." ఆమె వేళ్లు మడుస్తూ పోయింది. ఆరు తప్పులూ ఆరు ప్రశ్నలయ్యాయి. "ఏడోసారి ఆరూ రాశాను. అప్పుడు నెగ్గాను."

హాల్లో వరసల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే అటు తిరిగారు.

"ప్రతితూకం: నూటికి ఇరవై ఎనిమిది," అంది సమతూకి. "అభ్యర్థి: తొంభై ఆరు." తర్వాత ఆగింది. అది ఆగడం అంతకుముందు అక్కడ ఎవరూ చూడలేదు. "భాజకానికి ఆధారం దొరకలేదు. రద్దు."

సన్నని గీత పలక మీద లావెక్కసాగింది. రెండు, ఆరు, పదకొండు, పదిహేను. నూట ఇరవై.

పైడితల్లి అరచేయి తీయలేదు. తీస్తే ఆరిపోతుందేమోనన్నట్టు రెండో చేయి కూడా దాని మీద వేసి నొక్కిపట్టింది. ఈలోగా పక్క బల్ల మీద ఇంకో గీత లావెక్కింది. ఆ పక్కన ఇంకొకటి. పొద్దున నమస్కారం అందుకుని వెళ్లినవాళ్లను సమతూకి పేరు పేరునా వెనక్కి పిలుస్తోంది. కొండ మెట్ల మీద నుంచి ఈలలు, కేకలు. రత్నం బల్లెక్కి నిలబడి, "మొత్తం మారిపోతందిరా! మూడు జిల్లాల్లోనూ మారిపోతంది!" అని అరుస్తున్నాడు.

ఆ గోలలోనే సమతూకి అంది: "కమలాకర్ గారూ, మీ ఆడిట్ పేపరు మానాలు నిలిపివేయబడ్డాయి. మళ్లీ రాయాలి."

అతను పక్కకు తిరిగాడు. నవ్వొస్తోంది, ఆపుకోబుద్ధి కాలేదు.

"మేడమ్, రేపు మీ క్లాసు ఎన్నింటికండీ?"

పైడితల్లి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"ఏడున్నరకి. ఆలస్యమైతే లోపలికి రానివ్వను, సెప్తున్నాను."