జొన్నరొట్టె అల్లుడు, రెండో భాగం

"నేత్రా, ఈ సీన్‌లో ఏడిస్తే ఎట్ల? ఇది కామెడీ," అన్నాడు రుద్రేశ్ షూటింగ్ ఆపించి.

"ఏడవలేదు. ఉల్లిగడ్డలు," అంది నేత్ర.

ఆమె తరుగుతున్నది బెండకాయలు. కెమెరా పట్టుకున్న దుర్గేశ్ నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానుకున్నాడు.

రుద్రేశ్ బళ్ళారిలో జీన్స్ ఉతికే యూనిట్‌లో సూపర్‌వైజర్. ఆదివారాలు యూట్యూబ్ కోసం సినిమాలు తీస్తాడు. నిరుడు తీసిన 'జొన్నరొట్టె అల్లుడు'లో అల్లుడు అతనే. బళ్ళారి దగ్గరి ఎమ్మిగనూరు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే నేత్ర ఆ సినిమాలో అతని పెళ్ళాం. రొట్టె తట్టడం రాని పెళ్ళాం, తినడం తప్ప ఏదీ రాని మొగుడు. జనం తెగ నవ్వారు.

చివర్లో, అలిగి కూర్చున్న మొగుడి ముందు ఆమె మాడిన రొట్టె పెట్టి, "నువ్వు తినకపోతే నాకు ఆకలైతాది" అంటుంది. ఆ మాట స్క్రిప్టులో లేదు. రుద్రేశ్ నిజంగానే నోరు తెరుచుకుని ఆమెను చూస్తూ ఉండిపోయాడు. అది అలాగే సినిమాలో ఉంచేశారు. అక్కడ జనం కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత ఇద్దరూ కెమెరా లేనప్పుడు కూడా కబుర్లు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

వేసవిలో రుద్రేశ్ పిల్లనడగడానికి ఎమ్మిగనూరు వెళ్ళాడు. నేత్ర తండ్రి నింగప్ప వరి రైతు. భుజం మీది తువ్వాలుతో ఊరికే చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"వీడియోలు చూసి నవ్వుకుంటాం గానీ, వాటిని నమ్మి పిల్లనిస్తామా అప్పా?" అన్నాడు.

రుద్రేశ్ నేత్ర వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. అతను లేచి వచ్చేశాడు. తర్వాత ఆమె ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తలేదు.

ఆ కోపంలోనే రెండో భాగం రాశాడు. అందులో మామ వట్టి వెర్రిబాగులవాడు. పెళ్ళాం నోరు లేని బొమ్మ. పేజీకి పది నవ్వులు. నేత్ర ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. ఆమె స్క్రిప్టు చదివి, మడిచి, "రెండో భాగం చేస్తానని మాటిచ్చినా గదా, చేస్తా" అంది.

వానాకాలంలో సినిమా యూట్యూబ్‌లో పెట్టిన సాయంత్రమే, బళ్ళారిలో చిన్న హాలు తీసుకుని తెలిసినవాళ్ళకు చూపించారు. నేత్ర వద్దన్నా వినకుండా, కూతురి సినిమా అని నింగప్ప కొత్త పంచె కట్టుకుని వచ్చాడు.

హాలంతా పడీపడీ నవ్వింది. తెర మీద మామ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అల్లుడి చెప్పుల కోసం మంచం కింద దూరాడు. నింగప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు. మామ మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు. నింగప్ప నవ్వు ఆగింది. కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత తువ్వాలు తీసి, మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బయట సన్నగా వాన.

"బాగ నవ్విచ్చినావప్పా," అన్నాడు నింగప్ప గుమ్మంలో. "నేను అట్లనే ఉంటానా?"

నింగప్ప ఆటో కోసం ముందుకు నడిచాడు. నేత్ర ఆగింది.

"నవ్వు శానా ఉండాది రుద్రేశ్. దాంట్లో ఇంగేమీ లేదు."

"ఆ పొద్దు నువ్వు ఒక్క మాటన్నా మాట్లాడితివా?"

"ముందు దినమే మాట్లాడినా. మా నాయన ఒప్పుకున్యాడు. సుమ్నే తమాషాకు నిన్ను కొంచెం బెదిరిచ్చి చూస్తానన్యాడు. యాడ నవ్వేస్తానో అని తలొంచుకోనుంటి. నువ్వు లేచి పోతివి."

"షూటింగ్‌లో చెప్పొచ్చు గదా నేత్రా?"

"చెప్పాలనే వస్తి. ఆ స్క్రిప్టు చదివినాక ఏం చెప్పేది?"

రుద్రేశ్ ఇంటికి వెళ్ళగానే వీడియో తీసేశాడు. అప్పటికే అది ముక్కలు ముక్కలుగా అందరి ఫోన్లలో తిరుగుతోంది.

ఆ తర్వాతి ఆదివారం అతను ఎమ్మిగనూరు వెళ్ళాడు. నింగప్ప మడికి నీళ్ళు కడుతున్నాడు. భుజం మీద తువ్వాలు లేదు.

"తప్పయిపోయింది మామా."

"ఊరోళ్ళు నాలుగు దినాలు నవ్వుతారు, మరుస్తారు. పర్వాగిల్ల, ఏం గాదు." పార వంకే చూస్తూ అన్నాడు నింగప్ప. "నేత్రను అడుగుపో."

నేత్ర ఇంటి నుంచి అతని వెంట రోడ్డు దాకా నడిచింది. చినుకులు మొదలయ్యాయి.

"కూరెకుప్ప నుంచి సంబంధం వచ్చినాది. వాళ్ళకు లారీలుండాయంట. సరే అన్నా."

"నువ్వంటే నాకు ప్రాణం నేత్రా." ఇన్నాళ్ళలో ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదలు.

"తెలుసు. మా నాయనకూ తెలుసు. అందుకే ఒప్పుకున్యాడు. ఇప్పుడు ఆయప్ప నలుగుర్లో చేతులు యాడ పెట్టుకోవల్లో తెలియక వెనక్కు కట్టుకుంటాండాడు. నిన్ను చూస్తే నాకు అదే కనపడ్తాంది. నేనేం చేసేది?"

బళ్ళారి బస్సు వచ్చింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యెత్తలేదు. అది నీళ్ళు చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది.

"తడుస్తాండావు," అన్నాడు రుద్రేశ్.

"నువ్వూ తడుస్తాండావు," అంది నేత్ర.

చాలాసేపటికి ఇంకో బస్సు మలుపు తిరిగింది.

ఈసారి నేత్ర చెయ్యెత్తింది.