గంధం పూయని గుండు

పోలీసు కాపలా ఉన్న లాడ్జి గదిలో పోలిష్ గాయని హలీనా లేదు. మంచం మీద మొదలంటా కత్తిరించిన ఆమె బంగారు రంగు జడ మాత్రం ఉంది.

"సంపేసినారేమో సార్," అన్నాడు మేనేజరు మునికృష్ణ.

"సంపేటోడు గుండు గీకి పోతాడా అప్పా?" ఇంటెలిజెన్స్ ఏజెంట్ రంగరాజు వాష్‌బేసిన్‌లో రేజరు చూపించాడు. "మారువేషం. తనే పోయినాది."

1982 జనవరి. పోలండ్‌లో సైనిక పాలన. హంగరీ-పోలండ్ స్నేహ సంగీత బృందం తిరుపతిలో కచేరీ ముగించింది. తిరిగి వెళితే హలీనాకు జైలే. ఆమెను రహస్యంగా ఢిల్లీ చేర్చడం రంగరాజు అసైన్‌మెంట్. ఎత్తుకుపోవడానికి వార్సా ప్రభుత్వం పంపిన మనుషులు ఇద్దరు ఊళ్లోనే కాచుకుని ఉన్నారు. రంగరాజు, హలీనా కాక ప్లాన్ తెలిసిన మూడో మనిషి, మధ్యలో కబుర్లు మోసిన హంగరీ వయొలినిస్టు లాస్లో.

కొండ దిగిన గుండ్లన్నీ చేరే బస్టాండుకు రంగరాజు జీపు ఉరికింది.

ఎక్కడ చూసినా గుండ్లే. అన్నిటి మీదా పచ్చని గంధం. మద్రాసు బస్సు దగ్గర ఒక్కటి మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నేత చీర, ముఖం నిండా పసుపు, దించిన కళ్లు. హలీనా. అవతలి నుంచి ఆ వార్సా మనుషులిద్దరూ, కోట్లవాళ్లు, నేరుగా ఆ తెల్లదనం వైపే వస్తున్నారు. రంగరాజుకు అడ్డంగా ఒక బస్సు రివర్స్ అవుతోంది.

ఆమె పక్కన కూర్చున్న సత్యవేడు ముసలమ్మ నాగులమ్మ తల తిప్పి చూసింది. "ఏమ్మా, గంధం పూసుకోలేదా? మంట పుడతాది, ఇట్రా." గిన్నెలో మిగిలిందంతా తీసి ఆ తలకు పట్టించింది.

కోట్లవాళ్లు ఆగిపోయారు. ఇప్పుడు గుండ్లన్నీ ఒకటే. వాళ్లు దిక్కులు చూస్తుండగా రంగరాజు బస్సు చుట్టూ తిరిగి వచ్చాడు. "మజుర్కా," అన్నాడు ఆమె చెవిలో. ఆ పోలిష్ నాట్యం పేరే వాళ్ల కోడ్. ఆమె లేచింది.

జీపులో అడిగాడు: "గంధం ఎందుకు పూసుకోలేదు?"

"లాస్లో వద్దన్నాడు. నా గొంతుకు పడదట."

రంగరాజు యాక్సిలరేటర్ తొక్కాడు. ఆమెను భద్రంగా దింపి లాడ్జికి వచ్చాడు. లాస్లో మంచం మీద, జడ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"దొరికిందా?"

"మాకు."

లాస్లో కళ్లు మూసుకున్నాడు.

"మంచిది. అవును, నేనే. ఆమెను కాపలా దాటించి పంపమన్నారు వార్సావాళ్లు; మీ ప్లాన్ మారిందని ఆమెకు చెప్పి పంపాను, గంధం లేని తల వాళ్లకు గుర్తుగా ఇచ్చాను. లేకపోతే బుడాపెస్టులో నా కూతురు జైలుకు పోయేది. యాభై ఆరు తిరుగుబాటులో అక్కడి వీధిలో తూటా తగిలి చావబోతుంటే, పోలండ్ జనం వరసల్లో నిలబడి ఇచ్చిన రక్తం నాకు ఎక్కించారు. ప్రతి కచేరీలో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. పొద్దున జడ కత్తిరిస్తూ మధ్యలో ఆగిపోయాను. హలీనా నవ్వింది. 'జుట్టే కదా లాస్లో, మళ్లీ పెరుగుతుంది' అని నన్నే ఓదార్చింది."