మూడు వేళ్ల ఇంజనీరు

"గోడ అవతల రేకుల మీద వడగళ్లు పడుతున్నాయా డాక్టర్ గారూ?"

ఆమె గొంతు నేను మొదటిసారి విన్నది ఈ ప్రశ్నతోనే. అడిగింది మా అక్కని. అవతలి గది మా అక్క ఫిజియోథెరపీ క్లినిక్. ఇవతలి గది నా ఆఫీసు, నా పడకగది, నా సమస్త లోకం. వడగళ్లు నా కీబోర్డువి.

"మా తమ్ముడమ్మా. టైపు చేస్తున్నాడు," అంది అక్క.

"అలాగా. మధ్యమధ్యలో ఆగిపోతున్నారేంటి పాపం?"

ఆ 'పాపం' దగ్గర నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. కీబోర్డు చేతిలో పట్టుకునే వెళ్లి తలుపు తీశాను.

"కోడ్ అంటే ఆలోచించి రాయాలండీ. మధ్యలో ఆగుతున్నది ఆలోచన."

వేడినీళ్ల గిన్నెలో ఎడమ చెయ్యి పెట్టుకుని కూర్చున్న అమ్మాయి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"చాలా ఆలోచిస్తారన్నమాట," అంది.

అక్క ఫక్కున నవ్వింది. తోడబుట్టినవాళ్లు ఇందుకే ఉంటారు.

ఆమె పని చిత్రమైనది. సభల్లో ఎవరేం మాట్లాడినా అప్పటికప్పుడు టైపు చేసి, వినపడనివాళ్ల కోసం పెద్ద తెర మీద చూపించాలి. బీరువా తలుపు పడి ఆమె ఎడమ చిటికెన వేలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు వంగనని మొండికేసింది. షిఫ్ట్ బటన్ ఆ వేలిదే. మన అక్షరాల్లో చాలావాటికి షిఫ్ట్ లేనిదే పూట గడవదు. చేస్తున్న పని చెయ్యి జారిపోయింది. నెల తర్వాత ఇంకో పెద్ద హాల్లో అదే ఉద్యోగానికి పరీక్ష ఉంది.

"అందులో నెగ్గకపోతే మా అన్నయ్య ఊరెళ్లి వాళ్ల కొట్లో బిల్లులు కొట్టాలి. దానికి రెండు వేళ్లు చాలట," అంది. నవ్వుతూనే అంది గానీ, నీళ్లలో ఉన్న వేలి వైపే చూస్తూ అంది.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. చేతిలో ఉన్నది ముందుకు చాపాను. రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత కీబోర్డు. మొత్తం నలభై రెండే బటన్లు. అంకెలు లేవు. ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మిగతావన్నీ వేషం మార్చి అంకెలైపోతాయి.

"ఏ బటన్‌కి ఏ పని చెప్పాలో మన ఇష్టం. మీ చేతికి తగ్గ లేఅవుట్ నేను డిజైన్ చేసిస్తాను."

ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. "వీటి మీద అక్షరాలేవి?"

"తెలిసినవాళ్లకి అక్షరాలు అక్కర్లేదండీ."

ఈ మాట అన్నవాడి నెత్తిన అప్పుడే పిడుగు పడాల్సింది. వారం ఆలస్యంగా పడింది.

*

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. వాడేవాళ్ల కష్టం తన మీద వేసుకుని చూడనివాడు ఇంజనీరే కాదని ఎక్కడో చదివాను. అందుకని లేఅవుట్ పూర్తికాగానే వెళ్లి, నా ఎడమ చిటికెన వేలికి కూడా పట్టీ వేసి బిగించమని అక్కని అడిగాను.

"నీకెందుకురా?"

"పరిశోధన."

అక్క ఏదో అనబోయి, నోరు మూసుకుని పట్టీ వేసింది. ఆ మూసుకోవడంలో ఉన్న అర్థం నాకప్పుడు అందలేదు.

రెండు రోజులు ఆ పట్టీతోనే ఆఫీసు పనంతా చేశాను. వీసమెత్తు ఇబ్బంది కలగలేదు. నా డిజైన్ మీద నాకే కన్నీళ్లొచ్చినంత పనయింది. కీబోర్డుని తుడిచి, ఆమె వచ్చేసరికి బల్ల మీద పెళ్లికూతురులా కూర్చోబెట్టాను.

ఆమె రేడియో పెట్టింది. సాధన చేసేది అలాగేనట. విన్నది విన్నట్టు కొట్టాలి. ఒక్క మాట వదిలినా తప్పే, సొంతంగా ఒక్క మాట చేర్చినా తప్పే. రేడియోలో ఎవరో వాతావరణం గురించి చెప్తున్నారు. వేళ్లు కదిలాయి, తడబడ్డాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తెర మీద పడింది వాతావరణం కాదు, తుపాను.

"బ్రాకెట్లు ఎక్కడున్నాయి?" అంది.

"మాటలు కొట్టడానికి బ్రాకెట్లు ఎవరికి కావాలండీ? లోపల దాచాను. మూడు బటన్లు కలిపి నొక్కితే వస్తాయి."

"నాకు కావాలి. మాట కాని చప్పుళ్లన్నీ బ్రాకెట్లలోనే పెట్టాలి. నవ్వులు, దగ్గు, చప్పట్లు. వినపడనివాళ్లకి హాల్లో ఏం జరుగుతోందో తెలియొద్దూ?"

ఆమె నేను గీసిన లేఅవుట్ బొమ్మ తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇంజనీరు గారూ, ముఖ్యమైన బటన్లన్నీ రెండు చూపుడు వేళ్ల కిందా, కుడి మధ్య వేలి కిందా పోశారు. మిగతా వేళ్లకి పనే లేదు." తలెత్తింది. "మీరు మూడు వేళ్లతో టైపు చేస్తారు కదూ?"

పిడుగు పడింది.

నిజమే. ఏ వేలు ఎంత దూరం కదలాలో పదిమందికి పాఠాలు చెప్పే నాకు టైపు రాదు. పైగా అక్షరాలే లేని బటన్లని తలవంచుకుని చూస్తూ కొడతాను. చిటికెన వేలికి పట్టీ వేసినా తేడా తెలియలేదంటే, దాన్ని నేను పుట్టాక ఒక్కసారీ వాడలేదు కాబట్టి.

"వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, వాడు కొట్టే టైపుకి మూడే వేళ్లు," అంది అక్క తలుపు దగ్గర నుంచి. "పట్టీ వేసేటప్పుడే చెబుదామనుకున్నాను. పరిశోధన అన్నాడని ఊరుకున్నాను."

ఆమె పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ ఇంకోటి లాగి పక్కన వేసింది.

"కూర్చోండి. మొదట మీకు ఓనమాలు దిద్దిస్తాను. తర్వాత నాకు కీబోర్డు చేద్దురు గాని."

*

రోజూ సాయంత్రం వ్యాయామం అయ్యాక ఆమె నా గదిలో సాధన చేసేది. నేను చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఏ వేలు ఎక్కడ వెతుక్కుంటోందో చూడటం, ఆ బటన్ తెచ్చి దాని కింద పెట్టడం, ఆమె మొహం చిట్లిస్తే మళ్లీ మార్చడం. షిఫ్ట్ ఎడమ బొటనవేలి కిందికి వచ్చింది. స్పేస్ కుడి బొటనవేలికి పోయింది. చిటికెన వేలికి సెలవిచ్చేశాం. బ్రాకెట్లు రెండూ కుడి చూపుడు వేలి పక్కనే, పిలిస్తే పలికేంత దూరంలో పెట్టాను.

రేడియో ఆగినా ఆమె వేళ్లు ఆగేవి కావు. గదిలో జరిగేదంతా కొట్టేసేది. తెర మీద ఉన్నట్టుండి (డాక్టర్ గారు ఫోన్లో ఎవరినో తిడుతున్నారు) అని ప్రత్యక్షమయ్యేది. ఒకసారి (ఇంజనీరు గారి చిటికెన వేలు ఇంకా నిద్ర లేవలేదు) అని వచ్చింది. నవ్వలేక చచ్చాను.

ఒక సాయంత్రం జోరున వాన పట్టుకుంది. అక్క ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి పరిగెత్తింది. కరెంటు పోయింది. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో ఆమె నా చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ ఒక్కో బటన్ మీద పెట్టింది.

"చూడకుండా కొట్టండి."

"చూడకుండా ఎలా?"

"నమ్మాలి మరి."

ఇలాంటప్పుడు మగవాడన్నవాడు ఏదైనా ఒక మంచి మాట అంటాడు. నేను బటన్ల కింద ఉండే స్ప్రింగులు ఎన్ని రకాలో చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. తడిబట్టలతో దిగొచ్చిన అక్క ఆ ఆఖరి ముక్క విని, బట్టలతో పాటు నన్నూ పిండేద్దామన్నట్టు చూసింది.

ఆమె వెళ్లాక నాకు భయం వేసింది. ఆమె పరీక్ష తప్పితే అన్నయ్య ఊరెళ్లిపోతుంది. నెగ్గితే ఇక క్లినిక్‌తో పనుండదు. ఎలా చూసినా నా పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది.

*

పరీక్ష రోజు నేనూ అక్కా చివరి వరసలో కూర్చున్నాం. నిర్ణయించేది ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ. ఆవిడకి వినపడదు. గట్టిగా మాట్లాడుతుంది గానీ, ఎవరేమన్నా తెర చూసే తెలుసుకోవాలి.

వేదిక మీద ఒకాయన గంట సేపు దంచాడు. ఆమె ఒక్క మాట జారనివ్వలేదు. (దగ్గు), (కుర్చీ జరిపిన చప్పుడు) కూడా పొల్లుపోలేదు. నాకు గర్వంతో కుర్చీ ఇరుకైంది.

అంతలో పెద్దావిడ లేచి ఆ కీబోర్డు దగ్గరికి వెళ్లింది.

"ఇదేంటి, బొమ్మలా ఉంది? ముందే తయారు చేసుకున్న వాక్యాలేమైనా దాచారా ఇందులో? ఎవరు చేశారిది?"

అక్క నా డొక్కలో పొడిచింది. లేచాను. నేను నోరు విప్పితే ప్రతి మాటా తెర మీదికి ఎక్కుతుందన్న సంగతి, విప్పాక గాని నాకు తట్టలేదు.

"అ... నేనండీ."

అ... నేనండీ, అంది తెర. నా తడబాటుని అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు.

"వాక్యాలేం లేవండీ. మామూలు అక్షరాలే. ఆమె చిటికెన వేలు వంగదు. దాని పని మిగతా వేళ్లకి పంచానంతే. నాకు టైపు రాదు. అందుకని మొదట చేసింది తప్పుగా చేశాను."

తెర మీద (నవ్వులు) పడింది.

"మరి ఇది?" అంది పెద్దావిడ.

"ఇది ఆమె చేతులు చూసి చేశాను. మూడు వారాలు రోజూ చూశాను. ఉద్యోగం ఆమె పనిని బట్టే ఇవ్వండి, నన్ను బట్టి కాదు. కానీ నాకు... నాకు ఆమె అంటే ఇష్టం."

తెర 'నన్ను బట్టి కాదు' దగ్గర ఆగిపోయింది.

పెద్దావిడ నా పెదాలు చూసింది, తెర చూసింది. "ఇంకా ఏదో అన్నాడు. రాయమ్మా, ఏమన్నాడు?"

ఒక్క మాట వదిలినా తప్పే. నా తెలివితక్కువతనం వల్ల ఆమె ఉద్యోగం పోయేలా ఉంది. వదిలేయమని అరుద్దామనుకున్నాను. అరిస్తే అదీ తెర మీదికి ఎక్కుతుంది.

ఆమె నా వైపు చూసింది. చూపు నా మీదే ఉంచి, చేతుల వైపు చూడకుండా కొట్టింది.

కానీ నాకు... నాకు ఆమె అంటే ఇష్టం.

మధ్యలో చుక్కలు కూడా వదల్లేదు.

పెద్దావిడ చదివింది. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివింది. "పని బాగుంది. సోమవారం నుంచి రా. ఆ కీబోర్డు తెచ్చుకో, ఆ అబ్బాయిని మాత్రం తేకు." తెర వైపు తిరిగి కుర్చీలో కుదురుగా కూర్చుంది. "అది సరే, ఇప్పుడు హాల్లో ఏం జరుగుతోందమ్మా? మాకు తెలియొద్దూ?"

కుడి చూపుడు వేలు పక్కకి జరిగింది. బ్రాకెట్టు తెరుచుకుంది.

(టైపు చేస్తున్నమ్మాయి నవ్వుతోంది. ఆమెకీ ఇష్టమే)

నా పక్కన అక్క లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంటూనే రెండు చేతులూ కలిపి కొట్టడం మొదలుపెట్టింది.

(చివరి వరసలో డాక్టర్ గారు ఒక్కరే చప్పట్లు)

(ఇంజనీరు గారు ఇంకా కూర్చోలేదు)

కూర్చున్నాను.