ఆగాల్సిన చోట ఆగని స్క్రిప్టు

కుర్చీ చూపించినా ప్రభాకర్ కూర్చోలేదు.

"సర్కారు ఆఫీసుల పనులు చూసే మా కంపెనీ మందూబ్ రేపు పొద్దుగాల పోలీస్ స్టేషన్‌కు పోతున్నడు సార్. కేసు పెడితే నన్ను లోపలేస్తరు. నేనేం తుడిపెయ్యలే!"

దమ్మామ్‌లో ప్రైవేటుగా దర్యాప్తులు చేసే మహబూబ్ సుభాని సహాయకుడి వైపు చూశాడు. పొద్దున్నే బయల్దేరాలని ఇష్తియాక్ కారు తాళాలు జేబులో వేసుకున్నాడు. సారుకు కోపం వస్తే మాటలు తగ్గుతాయని అతనికి తెలుసు.

ప్రభాకర్‌ది జగిత్యాల. మెయింటెనెన్స్ కంపెనీలో సర్వర్లు చూస్తాడు. ఆదివారం మధ్యాహ్నం కార్మికుల పాస్‌పోర్టుల, ఇకామా అనే నివాస అనుమతి కార్డుల కాపీలన్నీ సర్వర్‌లోంచి పోయాయి. చెరిపిన ఆదేశం అతని లాగిన్ నుంచి వెళ్లింది. సంగతి తెలియగానే ఆ లాగిన్ మూసేసి అతన్ని గేటు బయటికి పంపారు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ ఆఫీసులో ఐటీ పెద్ద మతీన్ తెర మీద స్క్రిప్టు చూపించాడు.

"రోజూ మధ్యాహ్నం జొహర్ నమాజుకు అందరం లేచినప్పుడు నడుస్తది. స్టోరేజీ పెట్టెలో చెత్త ఫోల్డర్‌కి పోయి అక్కడున్నదంతా తీసేస్తది."

"ఎవరి లాగిన్‌తో?"

"ప్రభాకర్‌దే."

"స్క్రిప్టు బయల్దేరేదెక్కడి నుంచి?"

"కాపీలున్న ఫోల్డర్ నుంచి."

"పెట్టె అందకపోతే?"

మతీన్ నవ్వాడు. "పై వరుస చూడండి, సెట్ మైనస్ ఈ. ఏ పని తప్పినా స్క్రిప్టు అక్కడే ఆగిపోతది. ఆదివారం పెట్టెను పక్క గదికి మార్చినం, సాయంత్రం అసర్ నమాజు దాకా వైర్లు లేవు. అంటే స్క్రిప్టు ఆగిపోయింది. ప్రభాకరే చేత్తో ఆదేశం కొట్టి తుడిపేసిండు."

"ఆగితే మీకు తెలుస్తుందా?"

"మేనేజర్ సాబ్‌కు మెసేజ్ పోతది."

మేనేజర్ పీర్ సాహెబ్‌ది కడప. "ఆదివారం నాకేం రాలేదప్పా. ముందు దినాం మోగుతాండె. మతీన్‌ను తిట్టినాక నిలిచిపాయ."

ఇష్తియాక్‌కు అందులో ఏమీ కనిపించలేదు. సుభాని మాత్రం గేటు దగ్గరున్న ప్రభాకర్‌ను పిలిపించి, తలుపు వేశాడు.

"ఆదివారం పెట్టె లేదు. ఈ వరుస ఉండుంటే స్క్రిప్టు ఆగేది, మేనేజర్ ఫోన్ మోగేది. మోగలేదు. అంటే ఆ రోజు ఈ వరుస లేదు. ఫోల్డర్‌కు వెళ్లలేక, స్క్రిప్టు నిలబడ్డ చోటే, కాపీల ఫోల్డర్‌లోనే, అంతా ఊడ్చేసింది. ఈ వరుస తర్వాత చేర్చారు. అప్పటికి ప్రభాకర్ గేటు బయట ఉన్నాడు. లాగిన్ లేదు. లోపల చేయి పెట్టగలిగింది ఎవరు మతీన్?"

మతీన్ నుదురు తుడుచుకున్నాడు. "మెసేజులు రావద్దని సాబే అన్నరు..."

"వాటిని రానివ్వకుండా చేయమన్నానా? తప్పు సరిచేయమన్నా!" అన్నాడు పీర్ సాహెబ్.

"ఫోన్ ఎందుకు మోగుతోందని మీరు అడగలేదు," అన్నాడు సుభాని. "ఇతను మోగించే వరుసనే పీకేశాడు. కాపీలు పోయాక మళ్లీ తగిలించి, దాన్నే సాక్ష్యంగా చూపించాడు."

ప్రభాకర్ బల్ల మీద చరిచాడు. "నా పేరు మీద నడిపిస్తివి. నా పేరు మీదనే కేసు పెట్టిస్తివి. మనిషివేనా నువ్వు?"

"కూర్చోప్పా, మనలో మనం..." పీర్ సాహెబ్ అనబోయాడు.

"మందూబ్ ఎక్కడ?" అన్నాడు సుభాని.

"స్టేషన్ దగ్గరికి పోయింటాడు."

"వెనక్కి పిలవండి."

పీర్ సాహెబ్ ఫోన్ అందుకున్నాడు.

"స్పీకర్ పెట్టున్రి," అన్నాడు ప్రభాకర్. "నా చెవులతోని ఇంట."