దాహం తెలియని దీపం

పైడిరత్నానికి అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే: బిడ్డ ఒంట్లో ఏదో చెడు జరుగుతూ ఉంటే, గోడమీది దీపం మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుందేమోనని. ఈ భయాన్ని ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు. దీపం తప్పు చెప్పిన రోజు మేఘాలపేటలో ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఆ ఉదయం పది దాటినా పొగమంచు విడలేదు. సముద్రం కొండ మొదలుదాకా ఎక్కి వచ్చిన తర్వాత ఆ ఊళ్లో మంచు మధ్యాహ్నం వరకూ ఉంటుంది. పైడిరత్నం కొండవాలున, పొగమంచు తేమను పట్టే మంచువలల గుడ్డలు పిండుతోంది. ఊరంతా తాగే నీళ్లు ఆ వలల నుంచే వస్తాయి. గుడ్డ పిండినప్పుడల్లా సన్నటి ధార తొట్టెలోకి జారుతుంది. కింద, తెల్లటి మంచులో ఇళ్లు కనిపించవు. కిటికీల్లోంచి కనిపించే ఒంటిదీపాలు మాత్రం మిణుగురుల్లా తేలుతూ ఉంటాయి. వాటిలో మూడో వరసలో చివరిది తన కూతురు నీలవేణిది. ఆకుపచ్చగా ఉంది.

మనిషి ఒంటి సంగతి చెప్పే ఒంటిదీపాన్ని వెలిగించేది బిందుపట్టీ. ఎడమ భుజం కింద తమలపాకంత పట్టీ అతుక్కుని ఉంటుంది. కండలో క్రియాటిన్ నిల్వ ఎంత ఉందో అది కొలుస్తుంది, తగ్గితే బొట్టు బొట్టుగా నింపుతుంది. క్రియాటిన్ కొత్త పదార్థమేమీ కాదు. కొంత ఒళ్లే తయారు చేసుకుంటుంది, కొంత చేపలో, మాంసంలో దొరుకుతుంది. ఒక్క ఊపున బరువెత్తేటప్పుడు కండకు ముందుగా అందివచ్చే శక్తి దాని వల్లనే. పూర్వం దాన్ని పొడిగా డబ్బాల్లో అమ్మేవారట. పట్టీ వచ్చాక డెబ్బై ఏళ్ల ముసలమ్మలు నీళ్ల బిందెతో కొండ ఎక్కి దిగుతున్నారు. ఒంట్లో ఎలా ఉందని ఒకరినొకరు అడగడం పోయింది. కిటికీ వైపు ఒకసారి చూసి, దీపం ఆకుపచ్చగా ఉంటే, దారిన వెళ్లిపోతారు.

పద్దెనిమిది నిండని పిల్లలకు పట్టీ వేయాలంటే అనుమతి కాగితంమీద తల్లి వేలిముద్ర కావాలి. మూడు నెలల క్రితం ఆ కాగితం నీలవేణి ఇంటికి తెచ్చింది. పిల్లకు పదిహేనేళ్లు. మేఘాలపేట ఆడపిల్లలందరిలాగే పదో ఏట నుంచి బరువులశాలలో పోటీ బరువులెత్తుతోంది.

"నాతో ఎత్తే దమయంతికి ఏసేసారమ్మా పట్టీ. ఆళ్లమ్మ ఒక్కమాట అనలేదు."

"అది నీకన్నా పెద్దదే."

"రెణ్ణెల్లు పెద్దది. రెణ్ణెల్లకి కండలొచ్చెత్తాయేటి?"

పైడిరత్నం నవ్వింది. కాగితం నాలుగు పేజీలుంది. ఆమె చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మొదటి పేజీ వేలు పెట్టుకుని చదివింది. రెండో పేజీలో మాటలు కొరుకుడుపడలేదు. ఎవరినైనా అడగాలంటే సిగ్గేసింది. కూతురు ముఖంలోకి చూస్తూ వేలిముద్ర వేసేసింది.

పట్టీ వేసిన నెలకే నీలవేణి ఇంకో ఏడు కిలోలు ఎక్కువ ఎత్తింది. ఒళ్లు కూడా కొంచెం బరువెక్కింది. ఒంటి బరువు నలభై తొమ్మిది కిలోలు దాటని తరగతిలో ఎత్తే పిల్ల యాభైన్నర తూగింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

జిల్లా పోటీ రేపు. ఆ ఉదయం పిల్ల గంజి ముట్టకుండా వెళ్లిపోయిందని పైడిరత్నానికి వల పిండుతుండగా గుర్తొచ్చింది. కిటికీలో దీపం ఆకుపచ్చగానే ఉంది. అయినా మనసు ఆగలేదు. తొట్టె మూత వేసి, అన్నం గిన్నె పట్టుకుని బరువులశాలకు నడిచింది.

గుమ్మంలో బంగారునాయుడు మాస్టారు ఎదురయ్యాడు.

"ఏటి రత్నం, రేపు పోటీ ఎట్టుకుని ఇయ్యేళ అన్నం తెస్తావేటి?"

"పొద్దున్న ఏటీ తినలేదు మాస్టారూ. పిల్ల ముకం పీక్కుపోయినట్టుంది."

"దీపం సూసినావా?"

"సూసినాను. పచ్చగానే ఉంది."

"మరింకేటి నీ బెంగ? ముకం సూసి సెప్పే రోజులు పోయాయమ్మా. నా దీపం సూడు, దాని లెక్కకి నాను ఇరవై ఏళ్ల కుర్రాణ్ణే. మోకాలు మాత్రం ఒప్పుకోదు." శాల గోడమీద పేర్ల పక్కన వెలిగే దీపాల్లో తనది చూపించాడు.

లోపల పిల్లలందరూ చెమట పట్టించే ఉక్కపోత చొక్కాలు తొడుక్కుని గోడ చుట్టూ పరుగెడుతున్నారు. మంచు కమ్మిన గాజు పైకప్పులోంచి పడే వెలుగులో ఆ పరుగు నీళ్లలో చేపల కదలికలా, చప్పుడు లేకుండా కనిపించింది. నీలవేణి, దమయంతి పక్కపక్కనే ఉన్నారు. ఇద్దరి బుగ్గల్లోనూ ఏదో ఉబ్బెత్తుగా ఉంది. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక మూల ఆగి, సీసాలోకి ఉమ్మి, మళ్లీ పరుగెడుతున్నారు.

"నోట్లో ఏటే అది?"

నీలవేణి తలతిప్పుకుంది. దమయంతే నవ్వుతూ చెప్పింది. "సింతపండు పిన్నీ. బుగ్గనెట్టుకుంటే నోరూరతాది. ఊరిందంతా ఉమ్మేత్తే ఒంట్లో నీరు తగ్గుతాది. రేపు తూకానికి నలబైతొమ్మిదిలోకి దిగిపోతాం."

"నీళ్లెప్పుడు తాగేరు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నిన్న పొద్దుటేల," అంది నీలవేణి. పెదవులు తడి లేక అంటుకుని మాట సగమే వచ్చింది. "ఒగ్గేయమ్మా. ఎత్తడానికి నా వంతు వచ్చింది."

పట్టీ కండను నింపుతోంది. నిండిన కండ నీటిని పట్టుకుని బరువు పెంచుతోంది. పెరిగిన బరువును పిల్ల దాహంతో కోస్తోంది. ఇదంతా పైడిరత్నానికి ఆ క్షణంలో తెలియదు. కూతురు కడ్డీ పట్టుకోవడం చూసింది. కడ్డీ ఛాతీదాకా లేచింది. అక్కడ పిల్ల తొడల కండరాలు పట్టేశాయి. కడ్డీ ముందుకు జారి పడింది. నీలవేణి ఎవరో మెల్లగా కూర్చోబెట్టినట్టు నేలమీదికి దిగింది. కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ పిలుస్తుంటే పలకలేదు.

శాల గోడమీద నీలవేణి పేరు పక్కన దీపం నిశ్చలంగా, ఆకుపచ్చగా వెలుగుతోంది.

కొండ కింద కట్టేసి ఉండే పడవ ఆసుపత్రిలో సెలైను ఎక్కుతుంటే, పడవ ఉయ్యాలలా కదిలింది. నీలవేణి మధ్యాహ్నానికి నోరు విప్పి అమ్మా అంది. అప్పటిదాకా పైడిరత్నం కూర్చోలేదు.

"దీపం పచ్చగా ఉంది డాక్టరమ్మా."

"ఉంటుందమ్మా. అది కండలో నిల్వను చూస్తుంది. నిల్వ నిండుగానే ఉంది. దాహం దానికి తెలియదు. కాగితం నాలుగో పేజీలో రాశారు, నీరు, తిండి, నిద్ర ఇంటివారు చూసుకోవాలని."

"నాను మొదటి పేజీయే సదివేను."

డాక్టరమ్మ సెలైను ధార సరిచేసింది. "మీ మాస్టారు అదీ చదవలేదట," అంది తర్వాత.

"ఇది విషమాండీ?"

"కాదు. పెద్దవాళ్ల విషయంలో దీని గురించి బాగానే తెలుసు. ఎదిగే పిల్లల విషయంలో తెలిసింది తక్కువ. తెలియని చోట తొందరెందుకు? ఈ వయసులో బలం తిండి నుంచి, నిద్ర నుంచి, సరిగ్గా నేర్చుకున్న ఎత్తు నుంచి వస్తుంది. పిల్ల బరువు పెరిగితే పై తరగతిలో ఎత్తనివ్వండి. ఒళ్లు ఎండబెట్టి కింది తరగతిలోకి దించకండి."

ఆ సాయంత్రమే పైడిరత్నం వేలిముద్ర వెనక్కి తీసుకుంది. పట్టీ తీసిన చోట చర్మం తమలపాకంత మేర తెల్లగా మిగిలింది. ఇంట్లో దీపం ఆరిపోయింది. నీలవేణి నాలుగు రోజులు తల్లితో మాట్లాడలేదు. పోటీలో దమయంతి నలభై ఎనిమిది కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగి, మొదటి బహుమతి గెలిచి, ఓడల నగరంలోని శిక్షణ శిబిరానికి వెళ్లిపోయింది. పైడిరత్నం మాత్రం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కూతురు ముందు నీళ్ల గ్లాసు పెట్టి, తాగేదాకా కదలకుండా నిలబడింది.

అయిదో రోజు నీలవేణి గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"అమ్మా, సింతపండు సంగతి దానికి నేర్పింది నానే."

"దమయంతికా?"

"ఊ. అక్కడ దాన్ని నలబై అయిదులో ఎత్తిస్తారంట. ఎల్లేముందు సెప్పింది. నాలుగు కిలోలు ఎలా దిగుతావే అంటే, నువ్వు నేర్పినట్టే అంది."

ఇద్దరూ అప్పుడే దమయంతి ఇంటికి వెళ్లారు. వాళ్లమ్మ అచ్చియమ్మ చేపలు తోముతోంది. అంతా విని, తడి చేత్తోనే గోడ చూపించింది.

"పచ్చగా ఉంది గదా వదినా. మీ గుంటపిల్లకి పడలేదని అందరికీ పడదేటి?"

"ఒక్కసారి మాటాడి సూడు అచ్చియమ్మా. నీళ్లు తాగతందా అని అడుగు సాలు."

"శిబిరం అయ్యేదాకా మాటల్లేవంట. దీపం సూసుకోమన్నారు." అచ్చియమ్మ చేప వైపు తల దించుకుంది. ఆమె చేతులు మాత్రం ఆగిపోయాయి.

పైడిరత్నం శిబిరానికి ఉత్తరం రాసింది. ఎనిమిదో తరగతి దస్తూరీలో, కొట్టివేతలతో ఒకటిన్నర పేజీ. జవాబుగా ఒక బొమ్మ వచ్చింది. ఆకుపచ్చ దీపం బొమ్మ. రెండో ఉత్తరానికీ అదే బొమ్మ వచ్చింది. నీలవేణి దాన్ని చాలాసేపు చూసి, "ఇందులో దమయంతి ఎక్కడుందమ్మా?" అని అడిగింది.

ఓడల నగరం ఇక్కడికి చాలా దూరం. మంచువలలు పిండే మనిషికి అంత దూరం వెళ్లే వీలు దొరకడం లేదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లేవారుంటే, మూడో రేవు దగ్గర ఆడపిల్లల శిబిరంలో దమయంతి అని అడగండి. పొట్టి జడ, నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట. గోడమీద దీపం చూపిస్తారు, చూసి తిరిగి రాకండి. పిల్లను బయటికి పిలిపించండి. చేతికి ఒక గ్లాసు నీళ్లిచ్చి, తాగేదాకా పక్కన కూర్చోండి.