హద్దురాయి అవతలి పేకాట

వనపర్తిలో రాజావారి బంగ్లాలోనే పాలిటెక్నిక్ ఉంది. నేను సివిల్ డిప్లమా చదివింది అక్కడే. రంగుటద్దాల కిటికీల పక్కన కూర్చుని డ్రాయింగులు గీసినవాణ్ని, ఆ తర్వాత ముప్పై మూడేళ్లు సర్వేయరుగా గొలుసు పట్టుకుని గద్వాల చుట్టుపక్కల చెలకల్లో, రాళ్లగుట్టల్లో తిరిగాను. హాస్టల్లో నాకు రెండు అలవాటయ్యాయి, సిగరెట్టు, రమ్మీ. సిగరెట్టు పెళ్లయ్యాక మానేశాను. రమ్మీ అగ్గిపుల్లలు పందెం పెట్టి ఆడేవాళ్లం. పక్కవాడి ముక్కలు తొంగి చూస్తూ దొరికినవాడికి ఆ వారమంతా మెస్సులో ఎవరూ చోటిచ్చేవారు కాదు. ఓడినవాడి ముఖం మన ఎదురుగానే ఉండేది కదా, అందుకని మోసం చేయాలంటే కొంచెం సిగ్గేసేది.

ఆట సంగతి పక్కన పెట్టి హద్దు సంగతి చెప్పాలి. గట్టు మండలం దాటాక ఒక పత్తిచేను మధ్య తెలంగాణ అయిపోయి కర్ణాటక మొదలవుతుంది. అక్కడ ఒక హద్దురాయి ఉంది. ఎనభై ఆరులో రెండు రాష్ట్రాల వాళ్లం కలిసి కొలిచినప్పుడు దాన్ని దగ్గరుండి పాతించింది నేనే. మూడడుగులు నేలలో, రెండడుగులు పైన. ఆ రాయిని ముప్పై ఏళ్లకు పైగా మేకలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఫోన్లో పేకాట వచ్చింది. మన దగ్గర డబ్బు పెట్టి ఆడటం ఆపేశారు, అవతల అప్పటికింకా ఆపలేదు. ఫోను ఏ రాష్ట్రంలో ఉందో ఆటకు తెలుస్తుందట. ఇవతల నిలబడితే ‘మీ రాష్ట్రంలో ఆడరాదు’ అంటుంది. నాలుగడుగులు అవతలికి వేస్తే రమ్మని పిలుస్తుంది. దాంతో సాయంత్రమయ్యేసరికి గద్వాల నుంచి, ఆత్మకూరు నుంచి, అటు పాన్‌గల్ నుంచి కూడా బండ్లు వచ్చి ఆ చేను గట్టున ఆగేవి.

రాయి ఎక్కడుందో వాళ్లకు చూపించింది కూడా నేనే. రెండు వేల ఇరవై నాలుగు ఉగాది ముందు మా చెల్లెలు విజయమ్మ కొడుకు జగదీశ్ అడిగితే, ఇన్నాళ్లకు నా పని ఒకరికి అక్కరకొచ్చిందని సంతోషపడి బండి ఎక్కి వెళ్లి మరీ చూపించాను.

కార్తీకంలో ఒకరోజు విజయమ్మ వచ్చి గడపలోనే కూర్చుండిపోయింది. “అన్నా, వాడు మూడు దినాల సంది అన్నం ముడ్తలేడు. నిద్రల లేసి చేతులు కడుక్కుంటుండు. చెప్తే ఇంటలేడు. వాని నాయన పోయినంక నాకు వాడొక్కడే. ఎట్లనన్న చేసి వాన్ని ఆ ఆటకెల్లి ఇంటికి తోల్కరా.”

తెస్తానని మాటిచ్చాను.

మర్నాడు సాయంత్రం వాడే వచ్చాడు. విత్తన పత్తి కంపెనీకి రైతులను కుదిర్చే ఆర్గనైజర్ దగ్గర పనిచేస్తాడు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. ఆరోజు చొక్కా గుండీలు ఒకదానికొకటి కలవకుండా పెట్టుకున్నాడు.

“మామా, నీ పాత పటం తీస్కో. రాయి జరిగింది.”

“రాయి జరుగుడేందిరా? దానికేమన్న కాళ్లున్నయా?”

“మరి ఫోన్ల తెలంగాణ అనే చూపిస్తుంది. రాయి దాటి యాభై అడుగులు పోయినా గంతే. నిన్న వంద పోయినం. దినాం ఇంక లోపలికి జరుపుతుంది. ఆట కంపెనోడు మమ్మల్ని మోసం చేస్తుండు మామా!”

దారిలో, బండి మీద, వాళ్ల ఆట గురించి చెప్పాడు. వీడు, జేసీబీ నడిపే ఎల్లయ్య, గద్వాలలో ఫోన్ల దుకాణం ఉన్న చరణ్, ముగ్గురూ వేరువేరు పేర్లతో ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఫోన్లు దగ్గరదగ్గరగా ఉంటే ఆట పసిగడుతుందని నూరేసి అడుగుల దూరంలో ఉంటారు. చెవిలో వైరు పెట్టుకుని ఒకే కాల్‌లో ముక్కలు చెప్పుకుంటారు. ఆ బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి పరాయివాడూ ముప్పై తొమ్మిది ముక్కలకు ఎదురుగా పదమూడు ముక్కలతో ఒంటరిగా ఆడుతుంటాడు. నైపుణ్యం ఆట అని పేరు!

“మరి మోసం చేసింది ఎవర్రా?” అన్నాను. వాడు గేరు మార్చాడు.

రోడ్డు వార జమ్ములమ్మ మిరపకాయ బజ్జీల బండి సర్దేస్తోంది. పేకాటగాళ్ల పుణ్యమా అని పుట్టిన బండి అది. ఇంకా చీకటి కూడా పడలేదు.

“సర్వేయర్ సారూ, ఈ వయసుల మీకు గూడ పట్టిందా పిచ్చి?”

“నాకు కాదమ్మా, వీన్ని ఇంటికి తోల్కపోనీకి వచ్చిన.”

ఆమెది అవతలి ఊరు. జగదీశ్‌ను చూడకుండా నాతోనే అంది, “ఆ పెద్ద రాతిగుండ్ల ఎనకకు బ్యాడ సారూ. కుక్క గూడ పోతలేదు ఆ దిక్కు. ఈడనే నిలవడి మొరుగుతది.”

మిగతా ఇద్దరూ రాయి దగ్గరే ఉన్నారు. ఎల్లయ్య గడ్డపార మీద బరువు ఆనించి నిలబడ్డాడు. పేకాటకు గడ్డపార ఎందుకో నేను అడగలేదు.

“తాతా, గొలుసు తెచ్చినవా, చేతికర్రతోనే కొలుస్తవా?” అన్నాడు చరణ్.

“నీ నాలుక పొడుగు కొలువనీకి చేతికర్ర చాల్తది,” అన్నాను.

రాయి ఎక్కడికీ పోలేదు. నెత్తిన నేను చెక్కించిన కూడిక గుర్తు వేలికి తగిలింది. అడుగులు లెక్కపెడుతూ అవతలికి నడిచాను. నా అడుగు రెండున్నర అడుగులు, ఇప్పటికీ తప్పదు. వంద... నూట ఇరవై... ఫోను తెలంగాణ అంటూనే ఉంది. నా లెక్కన కర్ణాటకలోకి మూడు వందల అడుగులు వచ్చేశాం. నూట నలభయ్యో అడుగులో గుండ్లు దాటి వెనక బీడులోకి దిగగానే ఫోన్ ‘టింగ్’మంది. ఆట తెరుచుకుంది.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

“ఈడ వద్దు,” అన్నాడు జగదీశ్.

“ఆడెటోనికి ఏడైతేంది?” అని ఎల్లయ్య ఒక మూలకు నడిచాడు. చరణ్ ఇంకో మూలకు. నేను జగదీశ్ భుజం పట్టుకుని ఇంటికి పోదాం పదమన్నాను.

“ఒక్క ఆట మామా. ఆడకుంటే వీళ్లు ఊకోరు. ఇదయినంక వస్త. అమ్మ తోడు.”

వాడి పక్కన ఒక బండ మీద కూర్చున్నాను. మొద్దుచీకటి దిగుతోంది. పత్తి మందు వాసన, దాని కింద తడిమట్టి వాసన, ఇంకా కింద పుల్లగా మరొకటి. చీకటి పూర్తిగా కమ్మకముందు ఒకటి గమనించాను. ముగ్గురూ మూడు మూలల్లో ఉన్నారు. మధ్యలో నేల కొంచెం కుంగి ఉంది. కొలతలు నాకు కంటికే తెలుస్తాయి. ఆరడుగుల పొడుగు, రెండున్నర వెడల్పు.

“ఇను మామా,” అని వైరులో ఒక కొస నా కుడిచెవిలో పెట్టాడు, రెండోది వాడి చెవిలో. ఫోన్లో ఆకుపచ్చ బల్ల. ఆరు కుర్చీలు. వీళ్లు మూడు, ఎవరో ఇద్దరు. ఆరోదానికి బొమ్మ లేదు. ‘సామ్యూల్ పాన్‌గల్’ అని ఉంది.

జగదీశ్ బొటనవేలు గాలిలో ఆగిపోయింది.

చెవిలో ఎల్లయ్య గొంతు. “నాకు రెండు రాజులు. కళావరు, డైమన్.”

చరణ్. “ఆటీను తొమ్మిది, పది.”

తర్వాత ఇంకొకటి... నెమ్మదిగా, నోటి నిండా ఏదో ఉన్నట్టు.

“ఇస్పేటు రాణి... ఒక్కటే.”

“మీరు ముగ్గురే గదరా?” అన్నాను గుసగుసగా. “ఈ నాలుగోడు ఎవడు?”

వాడు ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పుడు చెప్పాడు.

రెండు నెలల కింద ఇదే బల్ల మీద ఈ పేరుగలవాణ్ని ముగ్గురూ కలిసి వరుసగా ఓడించారు. గెలిచిన ప్రతిసారీ చరణ్ ఈల వేసేవాడు. ఓడేవాడు ఏ బెంగళూరులోనో ఉంటాడనుకున్నారు. ఈ చుట్టుపక్కల ఆడేవాళ్లందరూ రావలసింది ఈ చేనుకే అని ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. సామ్యూల్ బోరు బండి మీద కూలికి పోయేవాడు. ఆ సాయంత్రం గుండ్లకు ఇవతలే కూర్చుని ఆడుతున్నాడు. ఓడిన ప్రతిసారీ గుండ్ల వెనక ఈల. మూడోసారి లేచి, ఈల వచ్చిన దిక్కుకు నడిచి వచ్చాడు.

“ఏమడిగిండు?”

“పైసలు అడగలే మామా. మళ్ల ఆడుదాం అన్నడు. ఎదురుబదురు కూసోని, ఫోన్లు కింద పెట్టి, అస్సలు ముక్కలతోని ఆడుదాం అన్నడు. మేం నవ్వినం. చరణ్‌గాని ఫోన్ గుంజుకుండు, పోలీసులకు చూపిస్త అన్నడు. ఎల్లన్న గడ్డపార తీసిండు... నేను చేతులు పట్టుకున్న. గంతే మామా. చేతులే పట్టుకున్న.”

“చచ్చిపోయిండా?”

వాడు అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“జేసీబీతోని మట్టి పోసినప్పుడు... ఇంక ఊపిరి ఉండె.”

నా చూపు ఆ కుంగిన నేల మీదికి పోయింది. “లే,” అన్నాను. “ఇప్పుడే ఠాణాకు పోదాం. నేను నీ ఎంబడి ఉంట.”

“పోదాం మామా.” చిన్నపిల్లాడిలా తలూపాడు. కాల్ ఆపేశాడు. ఫోన్ వెలుగు ఆరిపోయింది.

చెవిలో గొంతులు మాత్రం ఆగలేదు.

“చరణ్‌గా, పోలీసులకు నా పేరు చెప్పినవురా?” ఎల్లయ్య గొంతు.

“చెప్పిన. ఏం చేస్తవ్?” చరణ్ గొంతు.

నా ఎడమచెవి ఖాళీగా ఉంది. అందులో బీడు వినిపిస్తోంది. నూరడుగుల అవతలి నుంచి, ఆ చెవిలోకి, చరణ్ అసలు గొంతు వచ్చింది. “హలో... హలో... ఎల్లన్నా, ఏం ఇనవడ్తలేదు...”

కుడిచెవిలో అదే గొంతు నవ్వింది. “నిన్ను గూడ గుంతలనే ఏస్త.”

“ఎల్లయ్యా!” అని అరిచాను. “అది చరణ్ కాదు! చెవిలకెల్లి వైరు తియ్యి!”

పరుగు. బరువైన అడుగులు, ఎండిన పత్తికట్టె విరుగుతున్న చప్పుడు. “అన్నా, ఏంది... అన్నా—” అన్నాడు చరణ్. ఇనుము ఎముకకు తగిలిన శబ్దం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. పచ్చికుండ పగిలినట్టు ఉంటుంది. తర్వాత మెత్తగా. మళ్లీ. మళ్లీ... చరణ్ అరుపు మధ్యలో తెగిపోయింది. గడ్డపార మాత్రం ఆగలేదు.

అప్పుడు కుడిచెవిలో నా గొంతు వినిపించింది.

నా గొంతే. అదే దగ్గు, అదే విరుపు.

“జగదీశ్, లే బిడ్డా. ఆ రాయి తీస్కో.”

నా పెదవులు బిగిసి ఉన్నాయి. చీకట్లో అవి వాడికి కనపడవు.

“సరే మామా,” అన్నాడు.

“నేను కాదురా! నేను అనలే!” చొక్కా పట్టుకున్నాను. వాడు విదిలించుకున్నాడు. బండ మీద పడ్డాను, పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. వాడితో పాటే వైరు కూడా వెళ్లిపోయింది. వెళ్లేముందు నా గొంతు ఇంకొక్క మాట అనడం విన్నాను. “నెత్తి మీద కొట్టు.”

జేబులో లైటు తడుముకుని వేశాను.

ఎల్లయ్య వంగి గడ్డపార పైకి లాక్కుంటున్నాడు. అది చరణ్ పక్కటెముకల్లో ఇరుక్కుంది. జగదీశ్ వెనక నుంచి వచ్చాడు. రెండు చేతులతో రాయి ఎత్తాడు. మొదటి దెబ్బకు ఎల్లయ్య మోకాళ్ల మీద కూలాడు. రెండోదానికి ఒక కన్ను బయటికి వచ్చింది. అతను చేతులు అడ్డం పెడితే వేళ్లు కూడా నలిగాయి. తొమ్మిది లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నా వృత్తి, నోరు ఆగినా అది ఆగలేదు. చివరికి కొట్టడానికి అక్కడ తల లేదు, మట్టి ఉంది.

జగదీశ్ నిలబడ్డాడు. మోచేతుల దాకా ఎర్రగా. లైటు వెలుగులో నన్ను చూసి, బడిలో మార్కులొచ్చిన పిల్లవాడిలా మెల్లగా నవ్వాడు.

“అయిపోయింది మామా. ఇంగ ఇంటికి పోదామా?”

పోలీసులు రెండు రాష్ట్రాల నుంచీ వచ్చారు. వాళ్లను ఆ కుంగిన నేల దగ్గరికి నేనే తీసుకెళ్లి తవ్వమన్నాను. సామ్యూల్ పిడికిట్లో అతని ఫోన్ ఉంది. వేళ్లు విరిచి తీయాల్సి వచ్చింది. అతని భార్య చెయ్యి చూసి గుర్తుపట్టింది. ఆమె నా వైపు ఒక్కసారి చూసిన చూపు గురించి రాయలేను.

నెల తర్వాత విజయమ్మను తీసుకుని హద్దు అవతలి జైలుకు వెళ్లాను. ఇనుప జాలీ అవతల జగదీశ్. బాగానే తింటున్నాడు, ముఖం తేరుకుంది.

“మామా, నువ్వు చెప్పినట్టే చేసిన గద.”

“నేనేం చెప్పలేదు బిడ్డా.”

“గప్పుడేనా?” అన్నాడు. “ఇప్పుడు గూడ చెప్తనే ఉన్నవ్.”

తల పక్కకు వంచి శ్రద్ధగా వింటున్నాడు. నేను నోరు మూసుకున్నాను. పళ్లు కరుచుకుని, ఊపిరి కూడా బిగబట్టాను. ముగ్గురం అలాగే కొంతసేపు నిలబడ్డాం.

విజయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

“సరే అన్నా,” అంది. “గట్లనే చేస్త.”

గద్వాల బస్సులో నా పక్కనే కూర్చుంది. ఏం చేస్తానన్నావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె దారి పొడుగునా మధ్యమధ్య తల ఊపుతూనే ఉంది.