మొదటి హార్నే కరెక్టు

మంజూష నాతో అన్న మొదటి మాట "ఆపండి". రెండో మాట "ముందు ఆపండి, తర్వాత మాట్లాడతాను".

తప్పు నాదే. అమీర్‌పేటలో మెట్రో వెనక గల్లీలో, ఒక బిల్డింగ్ మొదటి అంతస్తులో నా షాపు. పాత స్పీకర్లు బాగుచేస్తాను. పై అంతస్తులో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతారు. ఆ మధ్యాహ్నం ఒక స్పీకర్ హార్న్ టెస్ట్ చేస్తూ కిటికీ మూయడం మరిచిపోయాను. పైన నలభై మంది 'స'కీ 'ష'కీ తేడా నేర్చుకుంటుంటే, కింద నుంచి నా హార్న్ కుయ్యోమని అందరికీ పాఠం మరిపించింది. పాఠం చెబుతున్న మంజూష మేడమ్ మెట్లు దిగి వచ్చింది.

కోపంగా వచ్చిన మనిషి బల్ల మీది హార్న్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. అలాంటివే రెండు వాళ్ల ఇంట్లో ఉన్నాయట. మూతబడ్డ సినిమా హాల్ నుంచి వాళ్ల నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న స్పీకర్లట. వాటి గొంతు పోయి ఏడాదయిందని ఆయన బాధట. తిట్టడానికి వచ్చి అడ్రస్ ఇచ్చి వెళ్లింది. నిజం చెప్పాలంటే, తిట్టినా నాకు అభ్యంతరం లేకపోయేది.

ఆదివారం పంజాగుట్టలో వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. వాళ్ల నాన్నగారు కృష్ణమోహన్ గారు మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఒక్కో స్పీకర్ సగం బీరువా అంత ఉంది. కూర్చోమనడానికి ముందే ఆయన వాటికి నన్ను పరిచయం చేశారు.

ఈ విద్య గురించి రెండు ముక్కలు చెప్పాలి. హార్న్ వెనక బిగించే బరువైన ఇనపముద్దను కంప్రెషన్ డ్రైవర్ అంటారు. దాని లోపల పల్చటి రేకు వణుకుతుంది. ఆ వణుకును హార్న్ పెద్దది చేసి గదిలోకి వదులుతుంది. రేకు దేనితో చేశారు, హార్న్ మూతి ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి అదే పాట వేరే పాటలా వినిపిస్తుంది. ఏ డ్రైవర్‌కి ఏ హార్న్ నప్పుతుందో చెప్పడం కన్నా జాతకాలు కలపడం తేలిక.

మొదటి ఆదివారం అల్యూమినియం రేకున్న డ్రైవర్లకు పాత ఇనప హార్న్‌లు బిగించాను. పాట మొదలవగానే నా ఒళ్లు జలదరించింది. ఇదే కరెక్టని నా మనసుకు తెలిసిపోయింది. కృష్ణమోహన్ గారు మాత్రం పెదవి విరిచారు.

"దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది బాబూ."

రెండో ఆదివారం చెక్క హార్న్‌లు తెచ్చాను. దుప్పటి అలాగే ఉంది. మూడో ఆదివారం టైటానియం రేకు. దాని పదునుకు మంజూష చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. వాళ్లమ్మ సీతామహాలక్ష్మి గారు వంటింట్లోంచి వచ్చి, కుక్కర్ విజిళ్ల లెక్క తప్పిందని చెప్పి వెళ్లారు. కృష్ణమోహన్ గారు ఒక్కరే కాస్త నయమన్నారు.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అంతలో వాన మొదలైంది. మంజూష ఆరేసిన బట్టల కోసం బాల్కనీలోకి పరుగెత్తింది. నేను నా ఫోన్లో సన్నటి ఈల ఒకటి మోగించాను. వంటింట్లోంచి సీతామహాలక్ష్మి గారు ఏమిటా చప్పుడని అడిగారు. ఫోన్‌కి మూరెడు దూరంలో కూర్చున్న కృష్ణమోహన్ గారు పేపర్ తిప్పుకున్నారు. లోపం హార్న్‌లో లేదు, ఆయన చెవుల్లో ఉంది.

చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా మంజూష తడిసిన జుట్టుతో, చేతుల నిండా బట్టలతో లోపలికి వచ్చి, వచ్చే వారం ఇంకో హార్న్ చూద్దామా అని అడిగింది. చూద్దామండీ అన్నాను. అంత తేలిగ్గా దొంగనయ్యాను.

నాలుగో ఆదివారం, ఐదో ఆదివారం అలాగే గడిచాయి. హార్న్‌లు మారాయి, వాళ్లమ్మగారు పెట్టే పెసరట్లు మారలేదు. మధ్యలో క్లాసు లేనప్పుడల్లా మంజూష షాపులోకి దిగి వచ్చేది. మనుషులతో కూడా ఇంత ఓపిగ్గా ఉంటారా అని ఒకరోజు ఏడిపించింది.

"మనుషులకు స్క్రూలుండయి గద మేడమ్. విప్పి చూడనీకి రాదు."

ఆమె నవ్వింది. నా అబద్ధానికి ఇంకో వారం ఆయుష్షు పెరిగింది.

ఐదో ఆదివారం తర్వాత గురువారం మాత్రం నవ్వకుండా వచ్చింది. వాళ్ల నాన్నగారు పాటలు పెట్టడమే మానేశారట. స్పీకర్ పెట్టెలే పాడయ్యాయి, ఇంత మంచి కుర్రాడు ఇన్ని తెచ్చినా బాగుపడలేదంటే ఇక లాభం లేదని, స్పీకర్లను పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తానన్నారట. ఆ మాట అంటూ ముఖం పక్కకు తిప్పుకున్నారట.

ఆ మంచి కుర్రాణ్ని తల్చుకుంటే నాకు సిగ్గేసింది. ఉన్నదంతా చెప్పేశాను.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"టైటానియం తెచ్చిన రోజు నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇగ ఆదివారం రానీకి సాకు ఉండది గద."

చెంపదెబ్బ కొట్టినా ఆమె తర్వాతి మాటలంత బాధ ఉండేది కాదు. ఆమె నన్ను చూసి, మా నాన్న దిగులుతో మీరు ఆదివారాలు కొనుక్కున్నారు, ఆయనకు మీరే చెప్పండి, నేను పక్కన నిలబడను అని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆరో ఆదివారం మొదటి హార్న్‌లే తీసుకెళ్లాను. తలుపు తీసిన మంజూష పలకరించకుండా వంటింట్లోకి పోయింది. నేను కృష్ణమోహన్ గారి ఎదురుగా కూర్చున్నాను.

"సార్, హార్న్‌ల తప్పు లేదు, పెట్టెల తప్పు లేదు. మొదలు తెచ్చిన హార్నే కరెక్టు. మీ చెవులకు సన్న సౌండ్ ఇనవడ్తలేదు."

ఆయన చేతిలో పేపర్ మడిచి పక్కన పెట్టారు. లేచి వెళ్లి, ఒక స్పీకర్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"అయితే పెట్టెలు బాగానే ఉన్నాయన్నమాట," అన్నారు. చెవులు పోయాయని విన్న మనిషి ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా వైపు తిరిగారు. "మొదటి హార్నే కరెక్టయితే మిగతా వారాలు ఎందుకొచ్చావు?"

"మంజూష కోసం సార్," అన్నాను నేల చూస్తూ.

"వినపడలేదు."

కొంచెం గట్టిగా అన్నాను.

"ఇంకా గట్టిగా చెప్పు బాబూ. నా చెవుల సంగతి నీకే తెలుసు కదా."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మంజూష అంటే నాకు మస్తు ఇష్టం సార్. ఆమెను చూడనీకే వచ్చిన. మీకు అబద్ధం చెప్పిన, తప్పయింది."

ఎదురు ఫ్లాట్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కృష్ణమోహన్ గారు తాపీగా కుర్చీలో కూర్చున్నారు.

"మొదటిసారే వినపడింది. వంటింట్లోకి కూడా వినపడాలి కదా అని."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మంజూష వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కోపం పోలేదు, కాని చెవుల దాకా ఎర్రబడింది.

"రేపు నాన్నని చెవుల డాక్టర్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి," అంది. "ఆ తర్వాత ఆదివారం రండి. చేతిలో హార్న్ కనపడిందో, తలుపు తీయను."